ఎనిమిది నోటుపుస్తకాలు: అమీర్‌పేటలో నేను చేసిన డెవాప్స్ కోర్సు

గత ఏడాది ఆగస్టు మొదలుకొని పద్నాలుగు వారాలు, శని ఆదివారాలు ఉదయం ఎనిమిదిన్నరకల్లా అమీర్‌పేటలో ఒక డెవాప్స్ క్లాసులో కూర్చున్నాను. డెవాప్స్ అంటే కోడు రాసే డెవలపర్లూ, దాన్ని సర్వర్ల మీద నడిపే ఆపరేషన్స్‌వాళ్లూ కలిసి పనిచేసే పద్ధతి. మొత్తం 56 గంటలు. ఫీజు 22,000 రూపాయలు, రెండు వాయిదాల్లో కట్టాను. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆపరేషన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఆసుపత్రుల బిల్లింగ్‌కు వాడే ప్రోగ్రాములు మావి. డెవలపర్లు రాసిచ్చిన కోడును సర్వర్ల మీదకు ఎక్కించడం, అది పడిపోతే నిలబెట్టడం నా ఉద్యోగం. ఈ కోర్సు ఎలా ఉందని ఆఫీసులోనూ బంధువుల్లోనూ చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి వివరంగా రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టవలసినవీ ఉన్నాయి, ఆ తప్పులు ఆ ఒక్క చోటివే కావు. నేను చేరిన చోటే చేరాలనుకునేవారు విడిగా అడిగితే చెబుతాను.

మైత్రీవనం పక్క సందులో మూడో అంతస్తు. మెట్రో దిగి ఆ మెట్లెక్కేలోగా చేతిలో పది కరపత్రాలు పడతాయి. ఏ కరపత్రం చూసినా ఒకే వరస: గిట్, జెంకిన్స్, డాకర్, అన్సిబుల్, కుబెర్నెటిస్, టెర్రాఫామ్. అన్నీ కోడును భద్రపరచడానికి, పరీక్షించడానికి, సర్వర్లను ఏర్పాటుచేసి వాటి మీద నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్ పనిముట్లు. ఈ ఆరు పేర్లు నేర్చుకుంటే డెవాప్స్ వచ్చేసినట్టే అన్న నమ్మకం ఆ సందంతా పాకిపోయింది. నేనూ అదే నమ్మకంతో ఫీజు కట్టాను. తీరా చూస్తే మొదటి నాలుగు వారాలు మా సార్ వీటిలో ఒక్కటి కూడా తెరవనివ్వలేదు. ముప్పై రెండు మందితో మొదలైన బ్యాచ్‌లో ఐదుగురు రెండో వారానికే కింద ఆఫీసుకు వెళ్లి వేరే బ్యాచ్‌కు మారిపోయారు. వాళ్లు పోగొట్టుకున్నది ఏమిటో చెప్పాలంటే ఆ నాలుగు వారాల గురించే ఎక్కువ రాయాలి.

సార్‌కు యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లకు పైగా యూనిక్స్ సర్వర్ల మీద పనిచేసిన మనిషి. మొదటి క్లాసు 2009తో మొదలుపెట్టారు. ఆ ఏడాది జూన్‌లో అమెరికాలోని శాన్‌హోసేలో జరిగిన వెలాసిటీ సదస్సులో ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సంస్థకు చెందిన జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తమ దగ్గర రోజుకు పదిసార్లకు పైగా కొత్త కోడు సర్వర్ల మీదకు వెళుతోందని చెప్పారు. నెలల తరబడి కూడబెట్టి ఒక్కసారి రిలీజు చేయడమే చాలా కంపెనీల్లో ఆనవాయితీగా ఉన్న రోజులవి. బెల్జియంలో ఉన్న పాట్రిక్ డెబోయిస్ ఆ ప్రసంగాన్ని ఇంటర్నెట్‌లో చూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఘెంట్ నగరంలో డెవలపర్లనూ సర్వర్లు చూసుకునేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి రెండు రోజుల సభ జరిపాడు. దానికి పెట్టిన పేరు డెవాప్స్ డేస్. మాట అక్కడ పుట్టింది.

ఈ చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది. సార్ దాన్ని మా జీతాల దగ్గరకు తెచ్చారు. ఏడాది చివర మీ పనిని తూకం వేసే ఫారంలో మొదటి ప్రశ్న ఏమిటో ఒక్కొక్కరే చెప్పమన్నారు. డెవలపర్లుగా పనిచేస్తున్నవాళ్లు చెప్పింది దాదాపు ఒకటే: ఈ ఏడాది ఎన్ని కొత్త సదుపాయాలు అందించారు? మాలాంటివాళ్లం చెప్పింది మరొకటి: సర్వరు ఆగకుండా ఎంతసేపు నడిచింది? బోర్డు మీద రెండు వరుసలూ పక్కపక్కన రాసి, "మార్పు తెస్తే వీళ్లకు మార్కులు, మార్పు రాకపోతే వాళ్లకు మార్కులు. శుక్రవారం రాత్రి ఇద్దరూ ఒకే సర్వరు ముందు నిలబడితే పోట్లాడుకోక ఏం చేస్తారు?" అన్నారు.

మా కంపెనీలో ఆరు వారాలకోసారి రిలీజు. శుక్రవారం రాత్రి పదికి మొదలుపెడితే శనివారం తెల్లారి నాలుగైనా అయ్యేది. అన్నేళ్లూ అవతలి విభాగంవాళ్లకు బాధ్యత లేదని, కోడు గోడ మీదుగా విసిరేసి ఇంటికి పోతారని గట్టిగా నమ్మాను. ఆ రెండు వరుసలు చూశాక ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మూడో ఆదివారం క్లాసు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఎనిమిది మందిని ముందుకు పిలిచి వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం, రెండు ప్లాస్టిక్ డబ్బాలు. ఒక డబ్బా నిండా వేరుశనగ గింజలు, రెండోది ఖాళీ. "మీరు ఎనిమిది సర్వర్లు" అన్నారు. నోటుపుస్తకంలో ఏడు సూచనలు ముందే రాసి ఉన్నాయి. అందులో మూడోది: ఎర్ర చీటీ వస్తే గింజలు ఒక్కొక్కటే తీసి ఖాళీ డబ్బాలో వేస్తూ ఉండాలి. ఎప్పుడో వాడి వదిలేసిన సూచన అది, ఎవరూ కొట్టివేయలేదు. నన్ను లేపి రిలీజు కాగితం చేతికిచ్చారు. ప్రతి పుస్తకంలోనూ మూడో సూచన కొట్టివేసి, ఎర్ర చీటీ వస్తే ఒకే గింజ వేసి ఆగాలి అని రాయాలి.

నేను ఐదో పుస్తకంలో రాస్తుండగా టీ వచ్చింది. ఆరో కుర్చీలోని అమ్మాయి కప్పులు అందించడానికి లేచింది. పుస్తకాన్ని చంకలో పెట్టుకునే వెళ్లింది. ఆమె వచ్చాక రాద్దామని ఏడు, ఎనిమిది పూర్తిచేశాను. ఈలోగా ఆమె వచ్చి కూర్చుంది. సార్ "అయిందా అమ్మా?" అని అడిగారు. అయింది సార్ అన్నాను.

ఎర్ర చీటీలు పంచారు. ఏడుగురు ఒక్కో గింజ వేసి ఆగారు. ఆరో అమ్మాయి వేస్తూనే ఉంది. టక్, టక్, టక్ అని గింజ పడుతున్న చప్పుడు గది మొత్తం వినిపిస్తోంది. "నష్టం జరుగుతోంది, సరిచేయండి" అని సార్ తొందరపెట్టారు. ఆ కంగారులో నాకు తట్టింది ఒకటే: కొత్తగా రాసిన సూచనలోనే తేడా ఉండి ఉంటుంది, వెనక్కి తీసుకోవాలి. మొదటి పుస్తకం లాక్కుని కొత్తది కొట్టివేసి పాతది తిరిగి రాశాను. తర్వాత రెండోది, మూడోది. నేను ఎవరి పుస్తకంలో రాస్తే వాళ్లు గింజలు తీయడం మొదలుపెట్టారు. ఒక్క డబ్బా దగ్గర వినిపించిన చప్పుడు ఇప్పుడు ఎనిమిది డబ్బాల దగ్గర వినిపించింది.

అన్నీ ఖాళీ అయ్యేదాకా సార్ మాట్లాడలేదు. ఆ తర్వాత 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ మార్కెట్ తెరుచుకున్న ఉదయం గురించి చెప్పారు. నైట్ క్యాపిటల్ అనే సంస్థ షేర్ల ఆర్డర్లను పంపే ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు పెట్టింది. ఏడింటిలోకి వెళ్లింది, ఒకదానిలోకి వెళ్లలేదు. సరిచూసే రెండో మనిషి లేడు. ఆ ఎనిమిదో సర్వరులో 2003లోనే వాడటం మానేసిన పాత కోడు ఉండిపోయింది. కొత్త సదుపాయానికి వాడిన సంకేతమే ఆ పాత కోడును నిద్రలేపింది. మార్కెట్ తెరవకముందే పొరపాటు జాడ చూపిస్తూ 97 ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి, వాటిని హెచ్చరికలుగా ఎవరూ తీసుకోలేదు. మార్కెట్ తెరిచాక కంగారులో సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచే కొత్త కోడు తీసేశారు. 212 ఆర్డర్లు పూర్తిచేయబోయి 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపారు. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

ఈ ఉదంతం అంతకుముందు ఎక్కడో చదివాను. చదివినప్పుడు ఎవరో అజాగ్రత్తపరులు అనుకున్నాను. ఆ ఆదివారం, మంచి కోడును నా చేత్తో నేనే తీసేశాను. జాగ్రత్తగా ఉండాలని అనుకుంటూనే తీసేశాను.

ఏడో వారంలో, ఎన్నో సర్వర్లకు ఒకేసారి మార్పులు పంపే అన్సిబుల్ నేర్పినప్పుడు సార్ అదే పాఠాన్ని తిరిగి తెచ్చారు. ఎనిమిది వర్చువల్ యంత్రాలు (ఒకే కంప్యూటరులో విడి కంప్యూటర్లలా నడిచేవి) తయారుచేయించి, ఆరోదాన్ని మాకు చెప్పకుండా ఆపేశారు. ఒక్క ఆదేశంతో అన్నింటికీ కొత్త కోడు పంపాం. చివర లెక్కలో ఏడు అందుకున్నాయని, ఒకటి అందుబాటులో లేదని ఎర్ర అక్షరాల్లో కనబడింది. ఆటోమేషన్ దేనికని అడిగితే వేగం కోసమని ఇన్నాళ్లూ చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ ఎర్ర వరుస గుర్తుకొస్తుంది.

టూల్స్ సంగతి త్వరగా చెబుతాను. గిట్ చాలా బాగా నేర్పారు, ముఖ్యంగా ఇద్దరు ఒకే ఫైలును మార్చినప్పుడు వచ్చే తగాదాను ఎలా తీర్చాలో. మార్పులు చిన్నవిగా, రోజూ కలుపుకుంటూ పోతే ఆ తగాదా ఎంత తగ్గుతుందో చేయించి చూపించారు. జెంకిన్స్ కూడా బాగుంది. పైప్‌లైన్, అంటే కోడును పరీక్షించి సర్వరు దాకా పంపే వరుస, ఎక్కడైనా విఫలమై ఎర్రబడితే ఎవరి పని వారు ఆపి ముందు దాన్ని బాగుచేయాలన్నది క్లాసులో నియమం. టొయోటా కర్మాగారాల్లో లోపం కనిపించిన కార్మికుడు తాడు లాగితే పనివరుస ఆగే పద్ధతిని దీనికి పోలికగా చెప్పారు. ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి ఒక పెట్టెలా కట్టే డాకర్ రెండు క్లాసుల్లో సరిపోయింది. అలాంటి పెట్టెలను చాలా సర్వర్ల మీద నడిపే కుబెర్నెటిస్‌కు నాలుగు క్లాసులు కేటాయించినా ఆదేశాలు వల్లెవేయడంతోనే గడిచిపోయింది. అది ఎందుకు అవసరమో, మా కంపెనీలాంటి చిన్నచోట్ల అసలు అవసరమా అన్న చర్చ రాలేదు. టెర్రాఫామ్ పరిచయం మాత్రమే.

పదో వారంలో గూగుల్ వాళ్లు వాడే ఒక లెక్క నేర్పారు. సర్వరు నెలకు 99.9 శాతం నడవాలని మాట ఇస్తే, ముప్పై రోజుల్లో ఆగిపోవడానికి మిగిలే సమయం సుమారు 43 నిమిషాలు. బోర్డు మీద 43 అని రాసి, మా ల్యాబ్ సర్వరు ఆగిన ప్రతిసారీ అందులోంచి తీసివేస్తూ వచ్చారు. నిమిషాలు మిగిలి ఉన్నంతవరకు కొత్త సదుపాయాలు పెట్టుకోవచ్చు. అయిపోతే కొత్తవి ఆపి, ఉన్నదాన్ని గట్టిచేయాలి. మొదటివారం నాటి ఆ రెండు వరుసల పోట్లాటకు నాకు దొరికిన మొదటి ఆచరణీయమైన జవాబు ఇది. డెవలపర్లకు, మాకు ఇద్దరికీ ఒకే సొమ్ము, ఒకే ఖర్చు పుస్తకం.

ఇక పదకొండో వారం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

2017 జనవరి 31న కోడు దాచుకునే వెబ్‌సైటు నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రి వేళ ఒక డేటాబేసు సర్వరు అనుకుని మరోదానిలో డేటా తుడిచేశాడు. 300 జీబీ దాకా పోయింది. బ్యాకప్‌లు తీసుకురాబోతే ఒకదాని తర్వాత ఒకటి పనిచేయలేదు. వెర్షన్ తేడా వల్ల ఒక బ్యాకప్ ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లూ అందడం లేదు. చివరికి ఆరు గంటల క్రితం ఎవరో పరీక్ష కోసం చేతితో తీసుకున్న ప్రతి వాళ్లను కాపాడింది. ఆ బాగుచేతను వాళ్లు యూట్యూబ్‌లో అందరూ చూస్తుండగా చేశారు. తర్వాత ప్రచురించిన నివేదికలో ఆ ఇంజినీరు పేరు లేదు. ఏ ఏర్పాటు లేకపోవడం వల్ల ఇది సాధ్యమైందన్న ప్రశ్నే అందులో మొదటి నుంచి చివరి దాకా ఉంది.

దీని తర్వాత, మీ ఉద్యోగంలో జరిగిన ఒక ప్రమాదంపై నివేదిక రాసుకు రమ్మన్నారు. నాకు వెతుక్కోవలసిన పని లేదు. నాలుగేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున మా ప్రధాన సర్వరులో ఒక ఆసుపత్రి బిల్లింగ్ మూడు గంటలు ఆగిపోయింది. పరీక్షల సర్వరులో ఇవ్వవలసిన తుడిచే ఆదేశాన్ని మా జూనియర్ ఒకడు అసలు సర్వరులో ఇచ్చాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా నిండని కుర్రవాడు. ఫోనులో పైవాళ్లు ఎవరు చేశారని అడిగారు. నేను అతని పేరు చెప్పాను. నెల తిరక్కుండా అతను రాజీనామా చేశాడు.

నా నివేదిక మొదటి వాక్యంలో అతని పేరే ఉంది. సార్ ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, "ఈ పేరు తీసేస్తే మీ నివేదికలో ఏం మిగులుతుందమ్మా?" అని అడిగారు. చూసుకున్నాను. తేదీ, సమయం మిగిలాయి. అంతే.

తర్వాత కోప్పడకుండా ఒక్కొక్కటే అడిగారు. రెండు సర్వర్ల కిటికీలు తెర మీద ఒకే రంగులో ఉండేవా? ఉండేవి. అతను అప్పటికి ఎన్ని గంటలుగా పనిలో ఉన్నాడు? పదిహేడు. రెండేళ్లు నిండనివాడికి అసలు సర్వరులో తుడిచే అధికారం ఎవరిచ్చారు? విడిగా ఎవరూ ఇవ్వలేదు, అందరికీ ఉండేది. రెండు సర్వర్లకూ పాస్‌వర్డ్ వేర్వేరా? ఒకటే. ఎవరు పెట్టారు?

నేను పెట్టాను.

ఆ వారం నివేదిక తిరగరాశాను. నాలుగు పేజీలు వచ్చింది. అందులో అతని పేరు ఒక్కచోట కూడా రాయవలసిన అవసరం పడలేదు. ఆదివారం సాయంత్రం అతనికి ఫోను చేశాను. ఇప్పుడు పుణేలో ఉంటున్నాడు, మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. ఇచ్చిన నోట్సు పాతది. కుబెర్నెటిస్‌లో డాకర్‌ను నేరుగా వాడటానికి ఉన్న భాగాన్ని 2022లో 1.24 వెర్షన్‌తోనే తీసేశారు, నోట్సులో మాత్రం అది ఇంకా బతికే ఉంది. పర్యవేక్షణ, అంటే ప్రొమీథియస్, గ్రఫానా వంటివి, చివరి రెండు క్లాసుల్లో ముగించేశారు. 97 ఈమెయిళ్లను ఎవరూ పట్టించుకోని కథతో మొదలుపెట్టిన కోర్సులో, ఏ హెచ్చరిక ఎవరికి వెళ్లాలి, ఎన్ని వెళితే మనిషి చూడటం మానేస్తాడు అన్న విషయానికి ఒక పూర్తి వారం ఇవ్వాలి. క్లౌడ్ ఖాతా, అంటే ఇంటర్నెట్‌లో యంత్రాలు అద్దెకు తీసుకునే ఖాతా, మన సొంత కార్డు మీద తెరిపిస్తారు, ల్యాబ్ అయ్యాక యంత్రాలు ఆపమని ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. నా పక్కన కూర్చునే తమ్ముడికి, ఇంకా ఉద్యోగం లేని కుర్రవాడికి, నెలాఖరున 3,900 రూపాయల బిల్లు వచ్చింది. ఖర్చు ఒక హద్దు దాటితే హెచ్చరిక వచ్చే ఏర్పాటును మొదటి ల్యాబ్‌లోనే చేయించి ఉంటే సరిపోయేది.

అన్నిటికన్నా బాధ కలిగించింది కింద ఆఫీసులో జరిగేది. కోర్సు సగంలోకి వచ్చేసరికి కొత్తవాళ్లను పిలిచి, చేయని ఉద్యోగాన్ని మూడేళ్ల అనుభవంగా రెజ్యూమేలో రాసుకోమని సలహా ఇస్తున్నారు. మేడమీద సార్ నిజం దాచకుండా నివేదిక రాయడం నేర్పుతుంటే, మేడకింద ఉద్యోగ జీవితాన్ని అబద్ధంతో మొదలుపెట్టమంటున్నారు. రాత్రి రెండు గంటలకు సర్వరు పడిపోయినప్పుడు, నాకిది తెలియదు, సాయం కావాలి అని ఆ పిల్లలు నోరు విప్పగలరా? మూడేళ్ల అనుభవం ఉందని చెప్పుకున్నవాళ్లు ఎలా అడుగుతారు? నేను ఆ కింద ఆఫీసులో ఈ మాట గట్టిగానే అన్నాను. అందరూ ఇదే చేస్తున్నారు మేడమ్ అన్నారు. చేస్తున్నారన్నది నిజమే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కోర్సు అయ్యాక మా ఆఫీసులో ఏం మారిందని కూడా అడుగుతున్నారు. అన్నీ మారలేదు. ఫారంలోని మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కానీ 43 నిమిషాల లెక్క మేనేజరుకు నచ్చింది, ఇప్పుడు రెండు విభాగాలూ దాన్ని వారం వారం కలిసి చూస్తున్నాయి. ఆరు వారాలకోసారి శుక్రవారం రాత్రి చేసే రిలీజు పోయి, మంగళ, గురువారాల్లో ఉదయం పదకొండుకు చిన్న చిన్నవి వెళుతున్నాయి. కోడు రాసిన డెవలపరు ఆ గంటసేపు నా పక్క కుర్చీలో ఉంటాడు. అసలు సర్వరు కిటికీ ఇప్పుడు ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. పాస్‌వర్డులు వేరయ్యాయి.

ఎక్కడ చేరినా ముందు డెమో క్లాసుకు వెళ్లండి. ప్రమాద నివేదిక రాయిస్తారా, పర్యవేక్షణకు ఎన్ని క్లాసులు ఇస్తారు, క్లౌడ్ ఖర్చు ఎవరిది అని అడగండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ మెమరీ ఉండేలా చూసుకోండి, ఎనిమిదితో కుబెర్నెటిస్ ల్యాబ్ నాకు ముందుకు సాగలేదు. నేను చెప్పిన చోటే చేరేవారు శని ఆదివారాల బ్యాచ్ అడిగి తీసుకోండి. సాయంత్రం బ్యాచ్‌కు మాస్టారు వేరు, అక్కడ మొదటిరోజే జెంకిన్స్ తెరుస్తారట. మధ్యలో ఒకటి రెండు క్లాసులు తప్పినా తర్వాత నోట్సు చూసి సర్దుకోవచ్చు. మూడో ఆదివారం మాత్రం ఊళ్లో ఉండండి.